కొండ లైన్‌కి వేసవి పని: కొత్తవలస–కిరండూల్ మీద మీ ప్రశ్నలు

కిందటి సంచికలో కె.కె. లైన్ (కొత్తవలస–కిరండూల్) గురించి నాలుగు మాటలు రాస్తే ఆ ఒక్క విషయం మీదే చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను. ఆ వ్యాసం చూడనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి, జపాన్ ఉక్కు మిల్లులతో 1960లో కుదిరిన ఒప్పందం ఆధారంగా, ఆ దశాబ్దంలోనే వేసిన లైన్ ఇది. పొడవు సుమారు 445 కిలోమీటర్లు. కొత్తవలస దగ్గర మైదానంలో మొదలై, అనంతగిరి కొండలెక్కి, అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ చేరుతుంది. దారిలో 58 సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అంతకన్నా ఎత్తైన స్టేషన్ లేదు. మనలో ఎక్కువమందికి ఇది అరకు రైలు లైన్, రైల్వేకి మాత్రం ఖనిజం లైన్.

ప్రశ్న: పిల్లలకు సెలవులిచ్చాక అరకు వెళ్దామని టికెట్లు తీస్తే, ట్రాక్ పనులని రైలు రద్దు చేశారు. సరిగ్గా వేసవిలోనే ఎందుకు చేయాలి? పైగా గూడ్స్ బండ్లు తిరుగుతూనే ఉన్నాయి, ఆపింది మా రైలునే. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

మీ కోపం న్యాయమైనదే అమ్మా. కానీ వేసవిలో చేయకపోతే ఆ పని ఇంకెప్పుడూ చేయలేరు. జూన్‌లో నైరుతి వానలు మొదలైతే సెప్టెంబరు దాకా ఆ కొండల్లో కట్టను తవ్వే ధైర్యం ఎవరూ చేయరు. సరే, అక్టోబరులో చేద్దామంటే అది మన తీరానికి తుపాన్ల నెల, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే కదా. ఇక మిగిలేది చలికాలం, ఆ తర్వాత ఎండాకాలం. చలికాలంలో కొన్ని పనులవుతాయి కానీ పెద్ద పనికి పొడి నేల కావాలి, పగటి వెలుతురు ఎక్కువసేపు కావాలి. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వారం దాకా ఈ లైన్ మీద పని ముమ్మరంగా సాగుతుంది.

ఏం చేస్తారంటారా? పట్టాల కింద స్లీపర్లు, వాటి కింద కంకర ఉంటాయి. పైన ఉన్న బరువును నేలకు పంచడం, పడ్డ నీటిని పక్కకు వదిలేయడం, ఈ రెండూ కంకర పనులే. 20 నుంచి 65 మిల్లీమీటర్ల సైజు రాళ్ళు వేసేది వాటి మధ్య ఖాళీలు ఉండాలనే. ఈ లైన్ మీద వ్యాగన్లనుంచి రాలే ఖనిజం పొడి, కొండ మీంచి జారే మట్టి, నలిగిన కంకర పిండి కలిసి ఆ ఖాళీలను పూడ్చేస్తాయి. వాన పడితే కట్టలో ఎర్రటి అడుసు తయారవుతుంది, దాని మీద బండి వెళ్ళిన ప్రతిసారీ స్లీపరు దిగి లేస్తుంది, కొన్నాళ్ళకు పట్టా లెవెల్ పోతుంది. కాబట్టి కంకర మొత్తం తవ్వి జల్లెడ పట్టి మళ్ళీ వేయాలి. దాన్నే డీప్ స్క్రీనింగ్ అంటారు, సాధారణంగా పదేళ్ళకొకసారి చేస్తారు. ఇప్పుడు ఆ పని మిషన్ చేస్తుంది. దాని వెనకే ట్యాంపింగ్ మిషన్ వచ్చి పట్టాలను ఎత్తి పట్టుకుని స్లీపర్ల కింద కంకరను దట్టంగా కూరుతుంది. ఇంత చేసినా మర్నాటి నుంచే మామూలు వేగం ఇవ్వరు. ముందు గంటకు 20 కిలోమీటర్లు, కట్ట కుదురుకునే కొద్దీ పెంచుకుంటూ పోతారు.

ఈ మిషన్లు నిలబడేది అదే పట్టాల మీద, పక్కన ఇంకో లైన్ లేనిచోట అవి పనిచేస్తున్నంతసేపూ ఏ బండీ వెళ్ళలేదు. దీన్నే బ్లాక్ తీసుకోవడం అంటారు. నాలుగు గంటల బ్లాక్ ఇచ్చారంటే మిషన్ స్టేషన్ నుంచి పనిచోటికి రావడం, పై కరెంటు ఆపించడం, పని అయ్యాక లైన్ ఖాళీ చేసి అప్పజెప్పడం పోగా నికరంగా పని దక్కేది మూడు గంటలు కూడా ఉండదు. బ్లాక్‌లో గూడ్స్ కూడా ఆగుతాయి, మీకు కనపడినవి బ్లాక్ ఎత్తేశాక వరసగా వదిలినవై ఉంటాయి. ఆ వరసలో ప్రయాణికుల బండికి చోటు చూడటం కష్టమై దాన్ని రద్దు చేస్తారు. ఈ లైన్‌కి డబ్బు తెచ్చేది ఖనిజమే కాబట్టి దానికి మొదటి పీట వేస్తారు, దాచాల్సిందేమీ లేదు.

కానీ ఒక విషయంలో నేను మీ పక్షమే. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. డీప్ స్క్రీనింగ్ లాంటి పెద్ద పని రాత్రికి రాత్రి అనుకుని చేసేది కాదు, మిషన్ ఏ నెలలో ఎక్కడుంటుందో ముందే రాసుకుంటారు. ఆ తేదీలు బుకింగ్ తెరవకముందే జనానికి చెప్పొచ్చు. టికెట్ అమ్మి, లాడ్జికి అడ్వాన్సు కట్టించి, చివరి వారంలో రద్దు అని మెసేజ్ పంపడం వల్లే జనానికి ట్రాక్ పని మీద చిరాకు వస్తోంది. బ్లాక్ మాత్రం వద్దనకండి. బ్లాక్ ఇవ్వకుండా వాయిదా వేసిన చోటే వానాకాలంలో లైన్ ఆగుతుంది, అప్పుడు ఆగేది నాలుగు గంటలు కాదు.

ప్రశ్న: మా నాన్నగారు ట్రాక్‌మన్. వానాకాలం వచ్చిందంటే రాత్రిళ్ళు పెట్రోలింగ్. ఆయన ఇంటికొచ్చేదాకా అమ్మకు నిద్ర ఉండదు, నాకూ టెన్షనే. ఇన్ని కెమెరాలు, డ్రోన్లు వచ్చాక కూడా మనిషి నడిచి చూడాలా? – పేరు వద్దన్న పాఠకురాలు, శృంగవరపుకోట

నడిచి చూడాలి తల్లీ, ఇప్పటికైతే దానికి మారు లేదు. మీ నాన్నగారు చేసే పని ఎంత పెద్దదో చెప్తాను, ఇంట్లో అమ్మగారికీ చదివి వినిపించండి.

బొడ్డవర దాటాక శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస అంటూ లైన్ కొండ అంచు పట్టుకుని ఎక్కుతుంది. ఒక పక్క కోసిన కొండ, ఇంకో పక్క లోయ. రాత్రి కురిసిన వానకు పైనుంచి ఒక బండరాయి జారి పట్టాల మీద పడితే, మలుపు తిరిగి వచ్చే డ్రైవర్‌కి అది కనిపించేసరికి బ్రేకు వేసి ఆపగలిగే దూరం మిగలదు. నిండా ఖనిజంతో దిగే బండి బరువు ఐదు వేల టన్నులు దాటుతుంది. సిగ్నల్ వ్యవస్థ రాయిని పసిగట్టదు, పట్టా విరగనంతవరకూ దాని లెక్కలో లైన్ బాగానే ఉన్నట్టు. పొగమంచులో, హోరువానలో డ్రోన్ ఎగరదు. కెమెరా ఒక చోటే చూస్తుంది. కట్ట అంచు కింద నీళ్ళు బుగ్గలు కడుతున్నాయా, నిన్న తేటగా పారిన కాలువలో ఈరోజు మట్టినీళ్ళు వస్తున్నాయా, ఆ మలుపు దగ్గర చెట్టు నిన్నటికన్నా వంగిందా, ఇవి రోజూ అదే దారిలో నడిచే మనిషికే తెలుస్తాయి. కాలువలో నీటి రంగు మారిందంటే పైన ఎక్కడో మట్టి కదులుతోందని అర్థం. ఆ కబురు గంట ముందు అందితే ఒక రైలు బతుకుతుంది.

పెట్రోల్‌మన్ దగ్గర ఎర్ర, ఆకుపచ్చ వెలుగు చూపే లాంతరు, విజిల్, డిటొనేటర్లు ఉంటాయి. బండి వస్తుంటే లైన్ పక్కన నిలబడి తన నంబరు బిళ్ళ మీద లైటు వేసి డ్రైవర్‌కి చూపిస్తాడు, తన బీట్‌లో, అంటే తనకు అప్పగించిన లైన్ ముక్కలో తిరుగుతున్నాడని డ్రైవర్‌కి అలా తెలుస్తుంది. లైన్ మీద ఏదైనా ప్రమాదం కనబడితే ఎర్రలైటు ఊపుతూ బండి వచ్చే వైపు పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటొనేటర్, 1200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. చక్రం ఎక్కగానే అవి పేలుతాయి, ఆ చప్పుడుకి డ్రైవర్ బండి ఆపుతాడు. సింగిల్ లైన్ అయితే బండి రెండు వైపుల నుంచీ రావచ్చు కాబట్టి ఇద్దరుంటే చెరో వైపు వెళ్తారు. చీకట్లో, కంకర మీద, వానలో కిలోమీటరుకు పైగా పరుగెత్తడం ఎలా ఉంటుందో ఊహించండి.

అసలు అడగాల్సింది ఆయనకు ఇచ్చే సరంజామా గురించి. కారని రెయిన్‌కోటు, జారని బూట్లు, మంచి టార్చి, అడవిలోనూ అందే వాకీటాకీ, బీట్ చివర కూర్చోవడానికి పొడి గుడిసె. కొండ సెక్షన్లో ఒంటరిగా పంపకుండా ఇద్దరిని పంపడం. జీపీఎస్ పరికరం ఇప్పుడు ఇస్తున్నారు, మనిషి ఎక్కడున్నాడో బండ్లను నడిపించే కంట్రోల్ ఆఫీసుకి కనపడుతుంది, అది మంచిదే. అయితే నడిచాడా లేదా అని నిఘా పెట్టడం దగ్గరే ఆగకుండా, అరగంటగా కదలకపోతే వెంటనే ఎవరైనా ఫోన్ చేసి ఏమైందని అడగడానికీ దాన్ని వాడాలి. యూనియన్ సమావేశాల్లో ఇదే గట్టిగా అడగమని నాన్నగారితో చెప్పండి.

ప్రశ్న: ఎండకు పట్టాలు సాగుతాయని బడిలో చెప్పారు, అందుకే మధ్యలో ఖాళీ వదులుతారని కూడా. కానీ మా ఊరి దగ్గర లైన్‌లో ఎక్కడా ఖాళీ కనిపించడం లేదు. మరి వంగిపోవా? – డిప్లొమా విద్యార్థి, విజయనగరం

మంచి ప్రశ్న వేశావు బాబూ. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 0.0115 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒక కిలోమీటరు పట్టాను 30 డిగ్రీలు వేడిచేసి వదిలేస్తే దాదాపు 35 సెంటీమీటర్లు పెరగాలి. ఇప్పుడు చాలాచోట్ల పట్టాలను వెల్డింగ్ చేసి కిలోమీటర్ల పొడవున ఒకటిగా వేస్తున్నారు, నువ్వు చూసింది అదే. అక్కడ పట్టాను సాగనివ్వరు. స్లీపర్లకు క్లిప్పులతో బిగించి, ఆ స్లీపర్లను కంకరలో పూడ్చి కదలకుండా కట్టేస్తారు. అలా సాగలేకపోయిందంతా పట్టా లోపల ఒత్తిడిగా నిలుస్తుంది. మీటరుకు 60 కిలోలుండే పట్టాలో ఒక్కో డిగ్రీకి దాదాపు 1.9 టన్నుల ఒత్తిడి అనుకో, 25 డిగ్రీలు పెరిగితే ఒక్క పట్టాలోనే 47 టన్నులు దాటుతుంది. గాలి 42 డిగ్రీలున్న రోజున పట్టా 60 దాటడం మామూలే.

దానికి ఉపాయం ఏమిటంటే పట్టాను మరీ చల్లగా, మరీ వేడిగా లేని ఉష్ణోగ్రత దగ్గర ఒత్తిడి లేకుండా చేసి బిగిస్తారు. దీన్ని డీస్ట్రెస్సింగ్ అంటారు. క్లిప్పులన్నీ విప్పి, పట్టాను రోలర్ల మీదికెత్తి, సుత్తితో తట్టి వదిలితే అది తనకు కావలసిన పొడవుకి వచ్చేస్తుంది. అప్పుడు బిగించి, ఆ ఉష్ణోగ్రతను రాసి పెట్టుకుంటారు. దానికన్నా పట్టా 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఎండ పెట్రోలింగ్ మొదలవుతుంది, మధ్యాహ్నం వేళ లైన్ పక్కన గొడుగేసుకుని నడిచే మనిషిని చూశావంటే ఆయన దానికోసమే వచ్చాడు. 30 డిగ్రీలు తక్కువకు పడిపోతే చలి పెట్రోలింగ్, అప్పుడు భయం పట్టా తెగుతుందని, ముఖ్యంగా వెల్డింగ్ దగ్గర, తెల్లవారుజామున. అరకు చలి సంగతి నీకు తెలిసిందే కదా. ఒకటి గుర్తుంచుకో: ఎండాకాలంలో కంకర తవ్వితే పట్టాను పట్టి ఉంచే బలం తగ్గిపోతుంది. అందుకే డీప్ స్క్రీనింగ్ చేసేవాళ్ళు చేతిలో థర్మామీటరు పెట్టుకుని, వేడి హద్దు దాటితే బ్లాక్ ఉన్నా పని ఆపేస్తారు.

కొండ మీద ఘాట్‌లో కథ వేరు. అక్కడ మలుపులు ఎనిమిది డిగ్రీల దాకా ఉన్నాయి, అంటే వ్యాసార్ధం 220 మీటర్లకు కాస్త తక్కువ. పొడవాటి వెల్డింగ్ పట్టాలకు కనీసం 440 మీటర్ల వ్యాసార్ధం ఉండాలని నియమం. ఒత్తిడి పెరిగితే ఇంత బిగువైన మలుపులో పట్టా బయటికి తోసుకుపోతుంది. కాబట్టి ఆ మలుపుల్లో నీ పాఠంలో చెప్పినట్టు జాయింట్లు, ఖాళీలు ఉంటాయి. వేసవికి ముందే ఆ ఖాళీలు కొలిచి సరిచేసి, జాయింట్లు విప్పి గ్రీజు రాసి మళ్ళీ బిగించడం ట్రాక్‌మన్ల గ్యాంగ్‌ల పని.

ప్రశ్న: 2023 సెప్టెంబరులో కొండచరియలు పడి లైన్ రోజుల తరబడి ఆగింది. రాయగడ మీదుగా వేరే దారి ఉండగా అన్ని బండ్లనూ అటు తిప్పొచ్చు కదా? – ఒక వ్యాపారి, జగదల్‌పూర్

చరియలు ఎక్కడ పడ్డాయన్నదాన్ని బట్టి ఉంటుందండీ. కోరాపుట్ నుంచి రాయగడ వైపు ఇంకో లైన్ ఉంది, అటునుంచి విజయనగరం చేరుకోవచ్చు. అరకు ఘాట్‌లో రాయి పడితే ఆ దారి అక్కరకొస్తుంది. కానీ మీరంటున్న 2023 నాటిది పడింది మానబార్, జరటి స్టేషన్ల మధ్య, అంటే కోరాపుట్‌కి అవతల, మీ జగదల్‌పూర్ వైపు. గని నుంచి వచ్చే బండి కోరాపుట్ చేరితేనే కదా ఏ దారైనా పట్టేది. జగదల్‌పూర్ నుంచి కోరాపుట్‌కి కూడా లైన్ కొండెక్కాలి, ఆ ముక్కకు బదులు దారి లేదు. జనం కె.కె. లైన్ అంటే బొర్రా, అరకే అనుకుంటారు కానీ, నన్నడిగితే మీ వైపు కొండకే ముందు డబ్బు ఖర్చుపెట్టాలి.

వేసవిలో ఇక్కడ చేయాల్సిన పని కంటికి కనిపించదు, ఫొటోకి పనికిరాదు. కొండ పైభాగంలో తవ్విన కాలువల్లో పూడిక తీయాలి, వాన నీరు కోసిన గోడ మీదికి రాకుండా పక్కకు మళ్ళించేవి అవే. కదిలే బండరాళ్ళను గుర్తించి, బ్లాక్ తీసుకుని మనమే ముందు దించేయాలి. మిగిలిన చోట్ల ఇనుప వలలు కట్టాలి. తూములు శుభ్రం చేయాలి. ఇంకా, బండరాళ్ళు, ఇసుక, కంకర నింపిన వ్యాగన్లను వానలకు ముందే ఎంచుకున్న స్టేషన్లలో నిలబెట్టి ఉంచుతారు, కట్ట కొట్టుకుపోతే గంటల్లో అక్కడికి చేర్చడానికి.

ప్రశ్న: డబ్లింగ్ పూర్తయితే ఈ బాధలన్నీ పోతాయా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

సగం పోతాయి. కొత్తవలస–కోరాపుట్ మధ్య 189 కిలోమీటర్లు, కోరాపుట్–జగదల్‌పూర్ 110, జగదల్‌పూర్–కిరండూల్ 150, ఇలా ముక్కలుగా రెండో లైన్ పెట్టుకున్నారు. రెండో లైన్ ఉంటే ఒకదాని మీద బ్లాక్ తీసుకుని ఇంకోదాని మీద బండ్లు నడపొచ్చు, అన్నిటికన్నా పెద్ద లాభం అదే. విశాఖ పాఠకురాలి రైలు రద్దు కాదు, మిషన్‌కి కావలసినంత సమయమూ దొరుకుతుంది.

కానీ ఘాట్‌లో రెండో లైన్ కోసం కొండను మళ్ళీ కోయాలి, కొత్త సొరంగాలు తవ్వాలి. కొత్తగా కోసిన కొండ కుదురుకోవడానికి కొన్ని వానాకాలాలు పడుతుంది. అరవై ఏళ్ళ నాటి పాత కోతల కన్నా మొదట్లో వీటి మీదే కన్నేసి ఉంచాలి. ఇంకో సంగతి, లైన్ పెరిగితే బండ్లూ పెరుగుతాయి, బండి బరువూ పెరుగుతుంది. ఒకప్పుడు ఇరుసుకు 20.3 టన్నులే అనుమతి, 2005 తర్వాత ఖనిజం మార్గాల్లో అది 22.9 దాకా వెళ్ళింది. బరువు కాస్త పెరిగితే పట్టా అరుగుదల దానికి మించి పెరుగుతుంది. మలుపుల్లో బయటి పట్టా లోపలి అంచు చెక్కేసినట్టు అరిగిపోతుంది, గ్రీజు రాసే పరికరాలు పెట్టినా తరచూ మార్చాల్సిందే. డబ్లింగ్‌తో పాటు ట్రాక్‌మన్ల సంఖ్యా పెంచాలి. కొత్త లైన్ ప్రారంభోత్సవం రోజున దాన్ని చూసుకునే గ్యాంగ్‌లు ఎక్కడని ఎవరూ అడగరు, మనం అడగాలి.

ప్రశ్న: విస్టాడోమ్ అద్దాల పెట్టెలో వెళ్తుంటే కొండ దగ్గర ఒక లైన్ విడిపోయి ఎటూ వెళ్ళకుండా పైకెక్కి ఆగిపోయింది. అదేంటి? – ఒక పాఠకుడు, కాకినాడ

క్యాచ్ సైడింగ్ అయి ఉంటుంది. అక్కడ వాలు 60 అడుగులకు ఒక అడుగు. దిగుతున్న బండి బ్రేకు తప్పి వస్తే స్టేషన్లోకి రానివ్వకుండా ఆ ఎదురెక్కే లైన్‌లోకి మళ్ళిస్తారు, ఎత్తెక్కి వేగం చచ్చి ఆగిపోతుంది. వాడాల్సిన అవసరం రాకపోయినా ఏటా వానలకు ముందు దాన్నీ శుభ్రం చేసి, కంకర కూరి, బండిని అటు మళ్ళించే పాయింట్లు తిప్పి చూడాల్సిందే.

ప్రశ్న: లైన్ పక్కన కుప్పలుగా పోసిన కంకరను మా ఊళ్ళో కొందరు ఇంటి పునాదులకు తీసుకెళ్తున్నారు. ఊరికే పడి ఉంది కదా అంటారు. తప్పా? – ఒక పాఠకుడు, లక్కవరపుకోట

తప్పే, చట్టప్రకారం దొంగతనం కూడా. స్లీపరు చివర భుజంలా ఉన్న కంకరే పట్టాను పక్కకు జరగకుండా ఆపుతుంది. పైన విద్యార్థికి చెప్పిన 47 టన్నుల సంగతి చదవమనండి, మే నెల మధ్యాహ్నం ఆ ఒత్తిడికి అడ్డు నిలిచేవాటిలో ఆ రాళ్ళూ ఉన్నాయి. కుప్పలు పోసినవేమో వానల్లో కట్ట జారితే వాడటానికి దాచినవి.

ప్రశ్న: పొలానికి వెళ్తూ రోజూ లైన్ దాటుతాం. పట్టా తెగినట్టో, రాయి పడినట్టో కనబడితే ఎవరికి చెప్పాలి? – రైతు, బొడ్డవర

దగ్గర్లో గేటు ఉంటే గేట్‌మన్‌కి, లేకపోతే స్టేషన్ మాస్టర్‌కి చెప్పండి. వాళ్ళే బండ్లు ఆపించగలరు. రెండూ దూరమైతే 139కి ఫోన్ చేయండి. ఈ లైన్ ఏ డివిజన్ కిందికి వస్తుందన్న గొడవ మీకు అక్కర్లేదు. 2025 ఫిబ్రవరి నాటి కేంద్ర మంత్రివర్గ నిర్ణయంలో కొత్తవలస–బచేలి భాగం కొత్త రాయగడ డివిజన్‌కి వెళ్ళింది కానీ, కబురు ఎవరికి చెప్పినా కంట్రోల్‌కి చేరుతుంది.

చోటు చెప్పేటప్పుడు "మామిడితోట దగ్గర" అంటే వాళ్ళకు అర్థం కాదు. లైన్ పక్క కరెంటు స్తంభం మీద గీత పైన ఒక అంకె, కింద ఒక అంకె రాసి ఉంటాయి. పైది కిలోమీటరు, కిందది ఆ కిలోమీటర్లో స్తంభం వరస. ఆ రెండూ చదివి చెప్పండి. ఇంతలో బండి వచ్చేస్తే లైన్ మీద నిలబడకండి, పక్కకు జరిగి, ఆ బండి వచ్చే వైపే వీలైనంత ముందుకెళ్ళి, ఎర్రగుడ్డ ఉంటే అది, లేకపోతే రెండు చేతులూ పైకెత్తి ఊపండి. పగలు అలా ఊపినా, రాత్రైతే టార్చి లైటు గట్టిగా అటూ ఇటూ ఊపినా డ్రైవర్ ఆపాల్సిందే.